ఒక భాగహారము వెనుకటి చరిత్ర

విద్యుత్తుచే పనిచేయు పరికరము దేనికైనను దాని రెండు కొనల నడుమ నెన్ని వోల్టులున్నవో, దానిగుండ నెన్ని ఆంపియర్ల ప్రవాహము సాగుచున్నదో తెలిసినచో, వోల్టులను ఆంపియర్లతో భాగింపగా దాని నిరోధము ఓములలోను, ఆ రెంటిని గుణింపగా అది వినియోగించు సామర్థ్యము వాట్టులలోను లభించును. 220 వోల్టుల తీగలకు తగిలించిన దీపము అర ఆంపియరును గైకొనుచున్నదన్నచో దాని నిరోధము 440 ఓములు, సామర్థ్యము 110 వాట్టులు. ఉన్నతపాఠశాలలోని బాలుడు రెండు పంక్తులలో ముగించి, పరీక్షతోపాటు మఱచిపోవు ఈ లెక్క లోకమునకు దక్కుటకు ఐరోపాఖండమున నూరేండ్ల కాలము పట్టినది. ఆ కాలమున దీనియందు చేయిపెట్టినవారు గణితమెఱుగనివారు కారు. వారికి దొరకక యలమటపెట్టినవి భాగింపదగిన రాసులు. తీగలో జరుగునది యంతయు ఒక్కటియే యని తోచుచున్నప్పుడు, అందు నెట్టునది వేఱు, కదలునది వేఱు, అడ్డగించునది వేఱు అని మూడుగ విడదీసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క కొలత నేర్పఱచుటయే ఈ కథలోని ఘనకార్యము. ఆ ఘనతలో పండితపరిషత్తుల వంతుకంటె పనిముట్లు చేయనేర్చిన చేతుల వంతు పెద్దదని నా విశ్వాసము.

ఈ సంబంధమును మొట్టమొదట పసిగట్టినవాడు ఇంగ్లండు దేశీయుడైన హెన్రీ కావెండిష్. ఆయన మిక్కిలి ధనవంతుడు, అంతకుమించి మితభాషి, తన పరిశోధనలను ప్రకటించుటయందు ఆసక్తి లేనివాడు. వోల్టా ఘటమాల పుట్టుటకు దాదాపు ఇరువదియేండ్లు ముందుగ, 1781వ సంవత్సరమున, ఆయన లైడెన్ జాడీలలో విద్యుత్తును నింపి, ఉప్పునీరు పోసిన గాజుగొట్టములగుండ దానిని విడిచి, ఆ మార్గమున తన శరీరమునే నిలిపి, చేతులకు తగిలిన అదరుపాటునుబట్టి ప్రవాహముల హెచ్చుతగ్గులను నిర్ణయించెను. ప్రవాహమును కొలుచు సాధనము లోకమున నింకను పుట్టని దినములలో ఒక మనుష్యుడు తన నరములనే మీటరుగ నమర్చుకొని, ఏ గొట్టము ఎక్కువ అదరించునో పదేపదే పోల్చిచూచి, విద్యుదీకరణపు మట్టమెంత హెచ్చిన ప్రవాహమును అంతయే హెచ్చునను నిశ్చయమునకు వచ్చుట పరమాశ్చర్యకరము. కాని ఆ వ్రాతలు ఆయన కాగితములలోనే యుండిపోయెను. 1810లో ఆయన గతించిన అఱువదితొమ్మిదేండ్లకు, 1879లో, కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలకు ప్రథమాచార్యుడైన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ వానిని పరిష్కరించి ప్రచురించెను; ఆ సందర్భమున ఆ ప్రయోగములను తానును చేసిచూచెను, ప్రయోగశాలకు వచ్చినవారిచేతను ఆ అదరుపాటును పరీక్షింపజేసెను. అప్పటికి, ఈ సంబంధమును లోకమునకు దక్కించిన ఓమ్ అను జర్మన్ ఉపాధ్యాయుని గ్రంథము వెలువడి అర్ధశతాబ్దము దాటినది. కావెండిష్ కాగితములు ఆయనకు దారిచూపలేదు. తన దారిని తానే త్రవ్వుకొనవలసివచ్చెను.

1800లో వోల్టా ఘటమాలను ప్రకటించుటతో క్షణమాత్రపు మెఱుపునకు మాఱుగ ఎడతెగని ప్రవాహము మనుష్యుని చేతికి వచ్చెను. 1820లో కోపెన్‌హేగెన్ నగరమున ఓర్‌స్టెడ్, తీగలో ప్రవాహము సాగునప్పుడు చెంతనున్న అయస్కాంతసూచి తిరుగుటను కనిపెట్టగా, ఆ యేడే ష్వైగర్ తీగను పలుచుట్లుగ చుట్టి ఆ ప్రభావమును హెచ్చించెను. పారిసునందు ఆంపియరు అను పండితుడు, నెట్టునదియగు పీడనమును కదలునదియగు ప్రవాహమును రెండు వేర్వేఱు భావములని స్పష్టముగ పలికెను. ఇన్ని సాధనములు సమకూడినను మూడవదియగు నిరోధము ఇంకను పొగమంచులోనే యుండెను. లండను చెంతనున్న వులిచ్ సైనికవిద్యాలయమున గణితోపాధ్యాయుడైన పీటర్ బార్లో తీగ పొడవు పెరిగినకొలది ప్రవాహమెట్లు తగ్గునో కొలచి, పొడవుయొక్క వర్గమూలమునకు విలోమముగ తగ్గునని 1825లో ప్రకటించెను. 200 అడుగుల తీగకే ఇంత క్షీణించు విద్యుత్తుతో దూరదేశములకు వార్తలంపుట అసాధ్యమనియు తలంచెను. అట్టి సమర్థుని కొలతలును దారితప్పుటకు హేతువు, ఘటమాల తనలోపలను నిరోధము కలదియై, పనిచేయుచుండగనే శక్తి సడలునదియైయుండుట. నెట్టుశక్తి ఏ క్షణమున కా క్షణము మాఱుచుండగా, తీగ చేసిన అడ్డెంతయో, ఘటము చేసిన మోసమెంతయో తేల్చుట యెట్లు?

గేయోర్గ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీదేశమున ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడు. ఆయన పాఠశాలల మెట్లెక్కినవాడు కాకున్నను, గణితమును తత్త్వశాస్త్రమును స్వయముగ అభ్యసించి, తన కుమారులిద్దఱికి తానే గురువై యట్టి పునాది వేసెను గనుకనే, చిన్నవాడైన మార్టిన్ గణితాచార్యుడయ్యెను, పెద్దవాడు మన కథానాయకుడయ్యెను. గేయోర్గునకు పదియేండ్లు నిండుసరికి తల్లి గతించెను. 1805లో విశ్వవిద్యాలయమున చేరినవాడు నృత్యము, బిలియర్డులు, మంచుపై జారుట మొదలగు వినోదములలో కాలము పుచ్చుచుండుట చూచి తండ్రి మండిపడి చదువు మాన్పింపగా, స్విట్జర్లాండులో ఒక చిన్న పాఠశాలలో గణితము చెప్పుచు స్వయంకృషి సాగించి, 1811లో ఎర్లాంగెనునకు తిరిగివచ్చి డాక్టరు పట్టము పొందెను. ఆ పిమ్మటను చాలకాలము ఆయనది చాలీచాలని జీతముగల బడిపంతులు బ్రదుకే. 1817లో కొలోన్ నగరమందలి జెసూయిట్ ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయపదవి లభించుట ఆయన భాగ్యము. ఆ పాఠశాలకు మంచి పరికరములుగల భౌతికశాస్త్రప్రయోగశాల యుండెను. తండ్రి పనిశాలలో లోహముతో పరిచయమైన చేతులకు అక్కడ పని దొరకినది.

1825లో ఆయన ప్రకటించిన మొదటి వ్యాసములోని సూత్రము సరియైనది కాదు. పొడవు వేర్వేఱుగనున్న తీగలను ఘటమునకు తగిలించి, ప్రవాహమునందలి నష్టమును కొలచి, ఆ నష్టమునకు లాగరితమ్ రూపమున ఒక సూత్రమును వ్రాసెను. బార్లోను వంచించిన చంచలమైన ఘటమే ఆయననుకూడ వంచించెను. ఆ వ్యాసమును చదివిన పత్రికాసంపాదకుడు పోగెన్‌డార్ఫ్, ఘటమునకు బదులు సీబెక్ 1821లో కనిపెట్టిన ఉష్ణవిద్యుద్యుగ్మమును వాడిచూడుమని సూచించెను. రెండు వేర్వేఱు లోహముల అతుకులలో ఒకటి వేడిగను ఒకటి చల్లగను ఉన్నప్పుడు పుట్టు విద్యుత్తది. దాని బలము మిక్కిలి స్వల్పము. కాని దానికొక మహాగుణము కలదు: అతుకుల ఉష్ణోగ్రతలు మాఱకున్న దాని నెట్టుశక్తియు మాఱదు. మరుగు నీరును కరగు మంచును కాలము గడచినకొలది తమ వేడిమి మార్చుకొనవు గనుక, ఓమ్‌నకు కావలసిన స్థిరత్వము వంటింటి పొయ్యిమీదను వీథిలోని మంచులోను సిద్ధముగనే యుండెను.

1826 జనవరి మాసమున కొలోన్‌లో ఆయన నెలకొల్పిన పరికరమును వర్ణించి చెప్పుటకు నాకు మిక్కిలి యిష్టము. వంచిన బిస్మతు కడ్డీ యొకటి. దాని రెండు చివరలకు రాగిపట్టీలు. ఒక అతుకు మరుగు నీటిలో, ఒక అతుకు మంచులో. రాగిపట్టీల చివరలు రెండు పాదరసపు గిన్నెలలో మునిగియుండును. పరీక్షింపవలసిన రాగితీగ కొనలను ఆ గిన్నెలలో ముంచినంతనే వలయము పూర్తియగును. వలయమునకు మీదుగ, సన్నని బంగారుపట్టీకి వ్రేలాడుచు అయస్కాంతసూచి. ప్రవాహము సాగగనే సూచి ప్రక్కకు తిరుగును; దానిని మరల పూర్వస్థానమునకు తెచ్చుటకు పైనున్న పట్టీని ఎంత మెలిపెట్టవలెనో అదియే ప్రవాహమునకు కొలత. సూచి యెంత తిరిగినదో చూచుటకంటె, దానిని తిరుగనీయకుండ నిలుపుటకు ఎంత మెలి కావలెనో చూచుట సూక్ష్మమైన మార్గము. పూర్వము కూలుంబు వాడిన మెలితూనిక దారియది. ఒకే లావుగల రాగితీగను 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళముల ముక్కలుగ ఎనిమిదింటిని కోసి, ఒక్కొక్కదానిని వరుసగ గిన్నెలలో నుంచి చూచెను. 2 అంగుళముల తీగకు 326¾ అని వచ్చిన మెలి, 130 అంగుళముల తీగకు 48½ కు దిగెను.

ఈ యెనిమిది అంకెలకును సరిపోవు సూత్రమును ఆయన కనుగొనెను: ఒక స్థిరసంఖ్యను, మఱియొక స్థిరసంఖ్యకు తీగ పొడవును కూడగా వచ్చిన మొత్తముతో భాగించుట. ఒక దినపు కొలతలలో మొదటిది 7285, రెండవది 20¼. పాఠకుడు తానే వేసిచూచుకొనవచ్చును: 20¼ కు 130 కూడి 7285ను భాగించిన 48½ యే వచ్చును, 2 కూడి భాగించిన 327 కు కొంచెము మించి వచ్చును. చేతితో మెలిపెట్టి కంటితో చూచిన కొలతకింతటి పొందిక కుదురుట, ఆ చేతి నైపుణ్యమునకు సాక్ష్యము. అంతటితో నాగక, అతుకుల మధ్య ఉష్ణోగ్రతాభేదమును తగ్గించి మరల కొలువగా 7285 స్థానమందలి సంఖ్య పడిపోయెను, 20¼ మాత్రము కదలలేదు. అనగా మొదటి సంఖ్య వేడిచల్లనల భేదముచే పుట్టిన నెట్టుశక్తి. రెండవది పరికరమునకు సహజమైన నిరోధము, అది ఆ రాగితీగలో 20¼ అంగుళములకు సమానము. దానిప్రక్కన తీగయొక్క సొంత నిరోధము. ఒక్క భిన్నములో మూడును ఎవరి స్థానమున వారు కూర్చుండిరి. నేడు మనము నేర్చుకొను సూత్రముకంటె ఓమ్ వ్రాసిన ఈ తొలిరూపమే సమగ్రమైనదని నాకు తోచును; ఏలనగా ఘటము తనలోపల దాచుకొను నిరోధమును అది విస్మరింపదు, బార్లోను తప్పుదారి పట్టించినది దానిని విస్మరించుటయే.

1827లో బెర్లిన్‌లో ఆయన గ్రంథము వెలువడెను. దానిని వ్రాయుటకు కొలోన్ పాఠశాలనుండి సగము జీతముపై సెలవు తీసికొనియుండెను. ఫూరియే 1822లో ఉష్ణప్రసారమునుగూర్చి రచించిన గణితగ్రంథమును ఆదర్శముగ గైకొని, వేడి యెక్కువచోటినుండి తక్కువచోటికి ప్రసరించు రీతిగనే విద్యుత్తును ప్రసరించునని ఊహించి, సమస్తమును సమీకరణములుగ నిర్మించెను. ఆ గ్రంథమునకు జర్మన్ పండితలోకమున ఆదరము లభింపలేదు. బెర్లిన్‌లో హేగెల్ తత్త్వానుయాయులు ప్రకృతిని సమీకరణములతో బంధించుటయే అపచారమని భావించుచుండిరి, వారిలో పోల్ అనునతడు గ్రంథమును కఠినముగ ఖండించెను. తప్పంతయు విమర్శకులదే యని నేననజాలను: సర్వజనులను ఒప్పింపగల ఆ యెనిమిది తీగల ప్రయోగమును గ్రంథమున ముందునకు తేక, అది యంతయు ఊహాజన్యమేమో యని తోచునట్లు గణితమును ముందునిలిపిన దోషము కొంత ఓమ్‌నందును కలదు. ఏమైనను దానికి ఆయన చెల్లించిన మూల్యము మిక్కిలి పెద్దది. ఆశించిన ఆచార్యపదవి రాకపోగా, 1828లో కొలోన్ ఉద్యోగమును విడిచి, కొన్నియేండ్లు చిల్లర బోధనలతో గడపి, 1833లోగాని న్యూరెంబర్గు పాలిటెక్నిక్ పాఠశాలలో కుదురుకొనలేదు. ఇంతలో లైప్జిగ్‌లో ఫెక్నర్ ఆయన సూత్రమును ప్రయోగములచే స్థిరపఱచెను. 1837లో పారిసునందు పూయే అట్టిదానినే వేఱుమార్గమున నిరూపించెను. 1841లో లండనులోని రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకము నొసగెను. జీవితమంతయు వాంఛించిన విశ్వవిద్యాలయాచార్యపీఠము మ్యూనిక్ నగరమున 1852లో లభింపగా, రెండేండ్లకే, 1854 జూలై 6న, ఆయన కన్నుమూసెను.

భాగహారము సంగతి యట్లుండ, గుణకారమును సాధించినవాడు మాంచెస్టరు చెంత సాల్ఫోర్డున బీరుకాచు వ్యాపారకుటుంబమున పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జూల్. విశ్వవిద్యాలయమున చదువక, వృద్ధుడైన జాన్ డాల్టన్ చెంత కొంతకాలము పాఠములు విని, ఇంటిలోనే ప్రయోగశాల నేర్పఱచుకొన్న యువకుడాయన. తమ కర్మాగారమందలి ఆవిరియంత్రమునకు మాఱుగ విద్యుద్యంత్రమును నిలిపిన ఖర్చు కలిసివచ్చునా యను వర్తకుని ప్రశ్నతో మొదలుపెట్టి, తీగలో వృథాయగు వేడిని కొలువసాగెను. గాజుగొట్టమునకు తీగను చుట్టి, నీటిపాత్రలో ముంచి, ఉష్ణమాపకముతో నీటి వేడిమిని చూచుచు, ప్రవాహమునకు కొలతగ, ఒక గంటలో 9 గ్రెయినుల నీటిని విడగొట్టు విద్యుత్తును ఒక మాత్రగ తానే నిర్ణయించుకొనెను. 1840 డిసెంబరులో రాయల్ సొసైటీకి పంపిన వ్యాసమున, తరువాతి యేట విపులముగ అచ్చైన మఱియొక వ్యాసమున ఆయన తేల్చినదేమనగా, పుట్టు వేడి తీగ నిరోధమునకును ప్రవాహముయొక్క వర్గమునకును అనులోమమైనది. ప్రవాహము రెట్టింపైన వేడి నాలుగింతలు, మూడింతలైన తొమ్మిదింతలు. సెయింట్ పీటర్స్‌బర్గున లెంజ్ 1842లో స్వతంత్రముగ ఇదే నిర్ణయమునకు వచ్చెను. ప్రవాహవర్గమును నిరోధముతో గుణించుట యనగా, ఓమ్ సూత్రమును దానియందు చేర్చిన, వోల్టులను ఆంపియర్లతో గుణించుటయే. వర్తకుని ప్రశ్నకుమాత్రము ఆనాడు ప్రతికూలమైన సమాధానమే లభించెను: ఘటమాలలో ఒక పౌను తుత్తునాగము ఖర్చై చేయు పని, మేలైన ఆవిరియంత్రమున ఒక పౌను బొగ్గు చేయు పనిలో నాల్గవవంతునకును తక్కువయని జూల్ లెక్కగట్టెను.

సూత్రములు రెండును సిద్ధించినను లెక్క ఇంకను సిద్ధింపలేదు, ప్రమాణములు లేవు గనుక. ఒకనికి నిరోధమన తన చేతనున్న రాగితీగలో ఇన్ని అడుగులు; మఱియొకనికి ఇనుపతీగలో ఇన్ని మైళ్లు. ఈ కొఱతను తీర్చినది తంతివార్తల వ్యాపారము. సముద్రగర్భమున కేబుల్ తెగినచోటును కనుగొనవలెనన్న, మైలునకు ఇంత నిరోధమని ముందుగ తెలిసియుండి, ఒడ్డుననుండి కొలచిన నిరోధమును దానితో భాగింపవలెను. ఆ భాగహారము తప్పినచో ఓడ సముద్రమున తప్పుచోట వెదకును. 1858లో అట్లాంటిక్ సముద్రము క్రింద వేసిన మొదటి కేబుల్, ఎడతెగక హెచ్చించిన పీడనమునకు తాళజాలక కొద్దివారములలోనే మూగవోయినపిదప, కొలతలేని విద్యుత్తుతో వ్యాపారము సాగదని అందఱకు తెలిసివచ్చెను. రష్యాలో యాకోబి 1848లో ఒక నిర్ణీతమైన రాగితీగను, వెర్నర్ సీమెన్స్ 1860లో ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకొలతగల పాదరసపుధారను ప్రమాణములుగ ప్రతిపాదించిరి. 1861లో బ్రిటిష్ అసోసియేషన్ ఈ పనికై నియమించిన సంఘమున విలియమ్ థామ్సన్, మాక్స్‌వెల్, తంతి ఇంజనీరగు ఫ్లీమింగ్ జెంకిన్ కలిసి కూర్చుండిరి. 1881లో పారిసున జరిగిన అంతర్జాతీయ విద్యుత్సభ ఓమును, వోల్టును, ఆంపియరును ఆమోదించెను. వాట్టును 1882లో విలియమ్ సీమెన్స్ ప్రతిపాదింపగా, 1889లో అంగీకరించిరి. కావెండిష్ గాజుగొట్టములనుండి పారిసు సభవఱకు సరిగ నూరేండ్లు.

లెక్క చేతికి వచ్చినతోడనే దానిచే ఒక పరిశ్రమ పుట్టినది. ఎడిసన్ దీపమును కనిపెట్టెనని లోకము చెప్పుకొనును. ఆయనయు, ఆయన కొలువులోని గణితజ్ఞుడగు ఫ్రాన్సిస్ అప్టనును తేల్చిన నిరోధపు లెక్క తక్కువగ వినబడును. అప్పటివఱకు ఇతరులు చేసిన దీపములు స్వల్పనిరోధము కలవి. 100 వాట్టులు వినియోగించు దీపము నిరోధము 1 ఓము అనుకొందము: దానికి 10 వోల్టులు, 10 ఆంపియర్లు కావలెను. నిరోధము 100 ఓములైనచో 100 వోల్టులు, 1 ఆంపియరు చాలును. వెలుగు ఒక్కటియే, కాని తీగలో నష్టమగు పాలు ఒక్కటిగ నుండవలెనన్న మొదటిదానికి రెండవదానికంటె నూఱురెట్లు రాగి కావలెను. అంత రాగిని వీథుల క్రింద పాతిపెట్టగల ధనికుడు న్యూయార్కున నెవడును లేడు. అందుచేతనే ఎడిసన్ సన్నని బొగ్గుపోగుతో అధికనిరోధముగల దీపమును 1879లో సాధించెను, 1882 సెప్టెంబరు 4న పెర్ల్ వీథి కేంద్రమునుండి 110 వోల్టులతో వెలిగించెను. దీపముల విషయమున జ్ఞాపకముంచుకొనవలసిన మాట యొకటి కలదు. టంగ్‌స్టన్ పోగు బల్బును వెలుగనప్పుడు మీటరుతో కొలచిన, వచ్చు నిరోధము అది వెలుగునప్పటి నిరోధములో పదవవంతునకును తక్కువ; భాగింపవలసిన వోల్టులును ఆంపియర్లును వెలుగుచున్న క్షణమునందే తీసికొన్నవి కావలెను. అట్లే ఏకాంతరవిద్యుత్తుపై నడచు పంఖాలలోను మోటారులలోను వోల్టులును ఆంపియర్లును ఒకేసారి శిఖరమునకు చేరవు గనుక, కేవలగుణకారము నిజమైన సామర్థ్యముకంటె ఎక్కువ చూపును. మంచునీటితోను మరుగునీటితోను ఉష్ణోగ్రతలను కట్టివేసి కొలచిన ఓమ్ ఈ జాగ్రత్తను మొదటనే యెఱిగియుండెను.

ఓమ్ మరణించిన మ్యూనిక్ నగరమునందే, ఆయన గతించిన యిరువదియెనిమిదేండ్లకు, 1882 విద్యుత్ప్రదర్శనమున, మీస్‌బాఖ్ అను ఊరినుండి 57 కిలోమీటర్ల దూరము ఇనుప తంతితీగపై విద్యుత్తును తెచ్చి, ఒక కృత్రిమజలపాతపు పంపును త్రిప్పిరి. మార్సెల్ డెప్రే చేసిన ఆ ప్రయోగమున బయలుదేరినదానిలో నాల్గవవంతైనను చేరుట కష్టమయ్యెను. 1891లో, అదే ప్రదర్శనమును నడపిన ఆస్కార్ ఫాన్ మిల్లర్ సారథ్యమున, లాఫెన్‌నుండి ఫ్రాంక్‌ఫర్టునకు 175 కిలోమీటర్ల దూరము త్రిదశావిద్యుత్తును 15,000 వోల్టులకు హెచ్చించి పంపగా ముప్పాతికపాలు చేరెను. ఈ భేదమునకు మూలము జూల్ చూపిన వర్గము. లెక్క సులువగుటకు ఒకే జత తీగలనియు, వాని నిరోధము 5 ఓములనియు అనుకొని, 10,000 కిలోవాట్టులను 10,000 వోల్టులతో పంపిచూతము: ప్రవాహము 1000 ఆంపియర్లు, తీగలలో వేడియై పోవునది 5000 కిలోవాట్టులు, అనగా సగము. అదే సామర్థ్యమును 1,00,000 వోల్టులతో పంపిన ప్రవాహము 100 ఆంపియర్లు, నష్టము 50 కిలోవాట్టులు. 1955లో మాచ్‌ఖండ్ చెంత డుడుమ జలపాతముకడ పుట్టిన విద్యుత్తు, కొండలు దాటి విశాఖపట్టణము చేరుటకు లక్షకు మించిన వోల్టులతో ఎత్తైన ఉక్కుస్తంభములపై సాగవలసివచ్చినది ఈ లెక్కచేతనే.